పాత ఇంటి గోడ చెప్పే సాక్ష్యం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిన కాలంలో గృహస్థుడు తన ఇంటిని సాధారణంగా తానే దగ్గర ఉండి కట్టించుకొనేవాడు. పునాది ఎంత లోతు తవ్వారో, సున్నం ఎన్నాళ్ళు నానవేశారో, ఏ గోడ ఏ ఏడు లేచినదో అతనికి తెలుసు. ఒకరు కట్టిన ఇంటిని మరొకరు కొనుక్కొనే సందర్భాన్ని ఆ సామెత తలచుకోలేదు. నేడు పట్టణాలలో అట్టి కొనుగోళ్ళు నిత్యం జరుగుతున్నాయి. కట్టినవానికి తెలిసిన సంగతులు కొన్నవానికి తెలియవు. పునాది భూమిలో ఉన్నది. గోడలోని రాయి పూత వెనుక ఉన్నది. ఒక ఉపాధ్యాయుని ముప్ఫై ఏండ్ల పొదుపు, భవిష్యనిధి సొమ్ము, దానిపై బ్యాంకు అప్పు, అన్నీ కలిసి కంటికి కనబడని ఆ పునాది మీదనే నిలుస్తాయి.

కొనేవారు కాగితాలను చాలా శ్రద్ధగా పరిశీలిస్తారు. అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు, ఇ.సి., పన్ను రసీదులు ఒక్కొక్కటిగా వకీలుకు చూపిస్తారు. దానికి నెల పట్టినా ఓపిక పడతారు. ఇక ఇంటిని చూడడానికి వెచ్చించే కాలం ఎంత? ఒక సాయంత్రం, అందులోను అర్ధగంట. గాలి, వెలుతురు, నీటి వసతి, వాస్తు చూసి బయటికి వస్తారు. ఆ అర్ధగంటలోనే పడకగదిలో కిటికీ మూలనుండి పైకప్పు వరకు ఏటవాలుగా పాకిన బీట ఒకటి కంటబడుతుంది. అప్పుడు ఇద్దరు మనుషులు రెండు విధాలుగా పొరబడతారు. ఒకడు బీటను చూడగానే భయపడి మంచి ఇంటిని వదులుకొంటాడు. మరొకడు, "రంగు వేయిస్తే పోతుంది లెండి" అన్న మాట నమ్మి చెడ్డ ఇంటిని కొంటాడు. ఇద్దరూ బీటను చూశారేగాని దానిని చదవలేదు.

బీట ఉన్నదా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ పాత ఇంటిలోనైనా వెదికితే బీట దొరుకుతుంది. దానికి కారణమైన కదలిక ఎప్పుడో ఆగిపోయినదా, ఇంకా సాగుతున్నదా అన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న. ఇంటి విలువ, కుటుంబం క్షేమం, మరమ్మతు ఖర్చు మూడూ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడి ఉన్నాయి.

కదలని ఇల్లు లేదు

ఇల్లు స్థిరాస్తి అన్నది చట్టంలోని మాట. ప్రకృతిలో దానికి పూర్తి స్థిరత్వం లేదు. గోడల బరువు పడగానే కింది నేల అణుగుతుంది. ఇసుక నేల అయితే ఆ అణగడం కట్టుబడి సాగుతుండగానే చాలవరకు ముగుస్తుంది. బంకమట్టి అయితే సంగతి వేరు. మట్టిరేణువుల నడుమ ఉన్న నీరు బరువుకు నలిగి మెల్లమెల్లగా బయటికి పోవలెను. రేణువులు మిక్కిలి సన్నవి, దారులు మిక్కిలి ఇరుకు. కనుక ఆ నీరు పోవడానికి ఏండ్లు పట్టవచ్చు, కొన్ని చోట్ల దశాబ్దాలు పట్టవచ్చు. ఈ క్రమాన్ని గణితంతో నిరూపించి, 1925లో ప్రకటించిన గ్రంథంతో మృత్తికా యంత్రశాస్త్రానికి పునాది వేసినవాడు కార్ల్ టెర్జాగీ.

ఇల్లంతా సమానంగా రెండంగుళాలు కుంగినా గోడకు గాయం కాదు. ఒక మూల రెండంగుళాలు కుంగి, పక్క మూల కదలకుండా నిలిచినప్పుడే గోడ చీలుతుంది. బీటకు కారణం కుంగుబాటు కంటె ఆ కుంగుబాటులోని అసమానత అని గ్రహించవలెను.

దీనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణ ఇటలీలోని పీసా గోపురం. 1173లో పని మొదలుపెట్టారు. మూడు అంతస్తులు లేచేసరికి అది ఒరగసాగినది. యుద్ధాల కారణంగా పని ఆగిపోయి, 1272లో గాని తిరిగి సాగలేదు. ఆ విరామమే దానిని కాపాడినదని నిపుణుల అభిప్రాయం. దాదాపు నూరేండ్ల కాలంలో కింది బంకమట్టి నీటిని వదిలి గట్టిపడినది. పని ఆగకుండా సాగి ఉంటే ఆ మెత్తని నేల మీద గోపురం ఆనాడే కూలి ఉండేది. ఈ కథలో మరొక పాఠం కూడా ఉన్నది. 1934లో పునాదిని బలపరచదలచి వందలాది రంధ్రాలు తొలిచి సిమెంటు పాలు నింపారు. దానితో ఒరుగు తగ్గకపోగా పెరిగినది. కారణం తెలియకముందే చేసిన చికిత్స రోగాన్ని ముదిరించినది. 1990 జనవరిలో గోపురాన్ని సందర్శకులకు మూసివేశారు. ఏండ్ల తరబడి కొలతలు తీసిన తరువాత, 1999 మొదలు 2001 వరకు, ఎత్తుగా ఉన్న ఉత్తరపు వైపు పునాది కిందనుండి కొద్దికొద్దిగా మట్టి తోడివేశారు. ఆ వైపు మెల్లగా దిగినది, గోపురం పై అంచు 40 సెంటీమీటర్లకు పైగా వెనక్కు జరిగినది. 2001 డిసెంబరులో మళ్ళీ తలుపులు తెరిచారు. గోపురం నేటికీ ఒరిగే ఉన్నది. అయినా దానిని చూచి భయపడేవారు లేరు. ఎంత ఒరిగినదో, ఏ వేగంతో కదులుతున్నదో కొలిచి తెలుసుకొన్నారు కనుకనే ఆ ధైర్యం.

అంత దూరం పోనక్కరలేదు. హనుమకొండలో కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఉన్నది. దాని కల్యాణమండపం పునాది కుంగి, స్తంభాలు వాలిపోగా, పురావస్తు శాఖవారు 2006లో మండపాన్ని రాయి రాయిగా విప్పి, పునాదిని తిరిగి పటిష్ఠంగా వేసి, మళ్ళీ నిలబెట్టారు. 2024లో అది ప్రజల దర్శనానికి తెరుచుకొన్నది. పునాది తప్పిన మండపానికి పైపూత చాలదని ఎరిగి చేసిన పని అది. సామాన్య గృహస్థునికి అంత కాలమూ, అంత ధనమూ లేవు. కనుక అతడు కొనకముందే కళ్ళు తెరవవలసి ఉన్నది.

నల్లరేగడి మీద నిలిచిన ఇండ్లు

తెలుగునాట పాత ఇండ్లు కదలడానికి కారణాలు వెదికితే ముందుగా పేర్కొనవలసినది నల్లరేగడి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, నంద్యాల, ఆదిలాబాదు ప్రాంతాలలో ఈ నేల విస్తారంగా ఉన్నది. వేసవిలో రేగడి చేలో నడిచినవారికి నెర్రెలు తెలియనివి కావు. కాలు దిగబడే వెడల్పున, చేతికర్ర అందని లోతున నేల చీలి ఉంటుంది. తొలకరి పడి నాలుగు వానలు కురిసేసరికి ఆ నెర్రెలు మూసుకొని నేల ఉబ్బుతుంది. పత్తికి, మిరపకు, శనగకు మేలుచేసే ఆ తేమ గుణమే గోడకు కీడు చేస్తుంది.

ఈ గుణానికి మూలం మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం. దాని రేకులు పుస్తకంలోని కాగితాల వలె ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. నీరు ఆ రేకుల నడుమ చొరబడి వాటిని ఎడం చేస్తుంది, ఎండలో ఆ నీరు పోగానే రేకులు దగ్గరకు చేరుతాయి. ఇంటి నడిమి భాగం కింద నేలకు ఎండా తగలదు, వానా తగలదు. అక్కడ తేమ ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరున ఉంటుంది. వెలుపలి గోడల కింద నేల మాత్రం ఋతువుతో పాటు ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. నడుము నిలిచి, అంచులు కదిలిన ఇల్లు చీలక ఏమవుతుంది? ఇందుచేతనే రేగడి ఊళ్ళలో కొన్ని బీటలు వైశాఖంలో విచ్చుకొని, శ్రావణంలో మూసుకొంటాయి. వానాకాలంలో ఇల్లు చూచినవాడు బీట లేదనుకొంటాడు, అదే ఇంటిని నడివేసవిలో చూచినవాడు బెదిరిపోతాడు.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. రేగడిలో బరువైన మేడ కంటె తేలికైన ఒంటి అంతస్తు ఇల్లు, అంతకంటె ప్రహరీ గోడ ముందుగా బీటలు వారుతాయి. ఉబ్బే నేల పైకి తన్నే బలాన్ని అణచడానికి వాటి బరువు చాలదు. అనుభవం గల మేస్త్రులు లోతుగా తవ్వి, పునాది గుంటలో ఇసుక నింపి, దానిపై కట్టడం కొంతవరకు ఈ కారణం వల్లనే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల దశకంలో ఈ సమస్యకు ఒక ఉపాయం రూపొందించినది. నేలలో సన్నని గుంట తవ్వి, దాని అడుగుభాగాన్ని మాత్రం వెడల్పు చేసి, కాంక్రీటు నింపుతారు. ఉల్లికాడకు అడుగున గడ్డ ఉన్నట్లు, ఆ స్తంభానికి అడుగున ఒక ఉబ్బు ఏర్పడుతుంది. ఋతువుల మార్పు సోకని లోతులో, సుమారు మూడున్నర మీటర్ల అడుగున, ఆ గడ్డ ఇంటిని పట్టి నిలుపుతుంది. వీటిని అండర్‌రీమ్డ్ పైల్స్ అంటారు. పాత ఇండ్లలో అధిక భాగానికి ఇట్టి పునాదులు లేవు. రేగడి ఊరిలో ఇల్లు కొనేవాడు పునాది ఏ తీరుదని అడగడం మరువరాదు.

రేగడి లేని చోట కూడా నేల మోసం చేయవచ్చు. పూడ్చిన చెరువులో, మూసివేసిన నూతి మీద, పల్లపు నేలకు మెరక పోసిన చోట లేచిన ఇల్లు ఆ పోతమట్టి అణగినంత కాలం కుంగుతూనే ఉంటుంది. సగం గట్టి మొరం మీద, సగం పోతమట్టి మీద నిలిచిన ఇల్లు మరీ ప్రమాదకరం. ఈ సంగతి దస్తావేజులో ఉండదు. వీధిలోని వృద్ధులను అడిగితే తెలుస్తుంది.

బీటల భాష

బీటలన్నీ ఒక జాతివి కావు. పూత మీద సాలెగూడు వలె అల్లుకొన్న సన్నని గీతలు సున్నమో సిమెంటో ఆరేటప్పుడు ముడుచుకొనగా ఏర్పడినవి. వాటికి పునాదితో సంబంధం లేదు. పైకప్పు కింద, గోడ పై వరుసలో అడ్డంగా సాగిన బీట తరచు ఎండ చేసిన పని. కాంక్రీటు కప్పు పగలు వేడికి సాగి, రాత్రి చల్లబడి ముడుచుకొంటూ తన కింది వరుసను ఈడ్చుకొనిపోతుంది. పాత ఇంటికి తరువాత చేర్చిన గది వద్ద నిలువుగా, తిన్నగా, పైనుండి కిందకు సాగిన బీట రెండు కట్టడాల నడుమ వచ్చిన ఎడబాటు. కొత్త గది పునాది తన దారిన తాను కుంగినది. ఇనుము తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడిన చోట గోధుమరంగు మరకతో కనబడే బీట వేరొక రోగానికి గుర్తు. దానికి చికిత్స కూడా వేరే.

అన్నిటికంటె జాగ్రత్తగా చదవవలసినది కిటికీ మూలనుండి గాని, ద్వారబంధం మూలనుండి గాని మెట్లు మెట్లుగా ఏటవాలున సాగిన బీట. ఇది పునాది పంపిన జాబు. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉన్నదంటే గోడ చివర లేక మూల కుంగినదని అర్థం. కింద వెడల్పుగా, పైన సన్నగా ఉన్నదంటే గోడ నడిమి భాగం కుంగినదని అర్థం. బీట గోడకు లోపలా బయటా ఒకే చోట కనబడితే అది పూతను దాటి గోడనే చీల్చినదని గ్రహించవలెను.

గోడ ఒక్కటే సాక్షి కాదు. తలుపు రెక్క వానాకాలంలో మాత్రమే బిగుసుకొంటే కర్ర ఉబ్బినదనుకోవచ్చు. ఏడాది పొడుగునా పై మూల తగులుతూ, రెక్కకు ద్వారబంధానికి నడుమ సందు త్రికోణంగా ఉంటే ద్వారబంధమే ఒరిగినది. గచ్చు మీద పిల్లలు ఆడుకొనే గోళీని వదిలితే అది ఏ వైపు దొర్లుతుందో చూడవచ్చు. మేస్త్రి చేతి తూకం గుండును గోడ పక్కన వేలాడదీస్తే గోడ నిలువు తెలుస్తుంది. గోడ నడుమ పొట్ట వలె ముందుకు ఉబికినా, దూలం కొస గోడలోనుండి జారి దాని పాత గుర్తు బయటపడినా అక్కడ ఆలస్యం తగదు. అట్టి గది కింద ఎవరూ పడుకోరాదు.

వెడల్పును బట్టి బీటలను వర్గీకరించిన పట్టికలు ఉన్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 1984లో భవనాల బీటలకు కారణాలు, నివారణ గురించి ఒక చేతిపుస్తకం ప్రచురించినది. బ్రిటిష్ భవన పరిశోధన కేంద్రం పట్టికలో వెంట్రుక వాసి బీట మొదలుకొని 25 మిల్లీమీటర్లకు మించిన బీట వరకు ఆరు తరగతులు ఉన్నాయి. 5 మిల్లీమీటర్ల లోపు బీటలను సాధారణంగా పూడ్చి రంగు వేసుకోవచ్చు. 5 నుండి 15 వరకు ఉన్న బీట తాపీపని కోరుతుంది. 15 దాటితే గోడలో కొంత భాగం విప్పి తిరిగి కట్టవలసి రావచ్చు. 25 దాటితే ఇంటి నిలకడే సందేహాస్పదం. అయితే ఈ అంకెలు గాయం ఎంతదో చెబుతాయిగాని, అది మానినదో మానలేదో చెప్పవు.

మానిన గాయమా, పచ్చి గాయమా

పాత బీటకు, కొత్త బీటకు ముఖకవళికలు వేరు. పాత బీట అంచులు మొద్దుబారి ఉంటాయి. లోపల దుమ్ము, సాలెపురుగు గూడు, వెనుకటి సున్నాల పొరలు కనబడతాయి. రంగు లోపలికి దిగి ఉన్నదంటే ఆ రంగు వేసిన నాటికే బీట ఉన్నదన్నమాట. కొత్త బీట అంచులు వాడిగా, లోపలి భాగం తెల్లగా శుభ్రంగా ఉంటాయి. లోగడ పూడ్చిన గీత పక్కనే మళ్ళీ విచ్చుకొన్న బీట అన్నిటికంటె గట్టి సాక్ష్యం. ఒకసారి మూసిన తరువాత కూడా కదలిక సాగినదని అది స్పష్టంగా చెబుతుంది. ఇల్లంతా పాత రంగుతో ఉండగా ఒక్క గోడకు మాత్రం కొత్త పూత, కొత్త రంగు కనబడితే ఆ గోడ వద్ద కొంచెంసేపు నిలవడం మంచిది.

ఖచ్చితమైన జవాబుకు కొలత కావలెను. బీటకు అడ్డంగా చిన్న గాజుపలకను రెండు కొసలా సిమెంటుతో అతికించి తేదీ రాయడం పాత పద్ధతి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఎటు కదిలినదో, ఎంత కదిలినదో మాత్రం గాజు చెప్పలేదు. అంతకంటె మేలైన ఉపాయం బీటకు ఇరువైపులా రెండు మేకులు దిగగొట్టి, వాటి నడిమి దూరాన్ని నెలనెలా వెర్నియర్ కాలిపర్సుతో కొలిచి రాసుకోవడం. బీట కొస ఎక్కడ ఆగినదో అక్కడ పెన్సిలు గీత గీసి తేదీ వేయడం అన్నిటికంటె తేలిక. ఒక వేసవి, ఒక వానాకాలం గడిస్తేగాని ఋతువుతో వచ్చిపోయే కదలిక ఏదో, ఒకే దిక్కుకు సాగుతున్న కదలిక ఏదో తేలదు.

కొనేవానికి ఏడాది వ్యవధి ఎక్కడ దొరుకుతుంది? అందుకు మూడు మార్గాలు ఉన్నాయి. బయానా ఇవ్వకముందే నిర్మాణాలలో అనుభవం గల ఇంజనీరును తీసుకొనిపోయి చూపించి, అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం మొదటిది. అతనికి ఇచ్చే రుసుము ఇంటి వెలతో పోలిస్తే లెక్కలోనిది కాదు. ఇరుగుపొరుగు ఇండ్ల గోడలు చూడడం రెండవది. వీధిలోని ఇండ్లన్నిటికీ అదే పోలిక బీట ఉంటే దోషం నేలలో ఉన్నది, ఒక్క ఇంటికే ఉంటే దోషం ఆ ఇంటిలోనే ఎక్కడో ఉన్నది. అమ్మేవానిని సూటిగా అడగడం మూడవది. ఈ మూడవదానికి చట్టం బలం కూడా తోడున్నది.

చట్టం చెప్పే మాట

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవానిపై ఒక బాధ్యత మోపినది. ఆస్తిలో గాని, దానిపై హక్కులో గాని ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది తనకు తెలిసి, కొనేవానికి తెలియక, సాధారణమైన జాగ్రత్తతో అతడు కనిపెట్టలేనిదైతే దానిని వెల్లడించి తీరవలెను. వెల్లడించకపోవడం మోసం కిందికి వస్తుందని కూడా ఆ సెక్షనే అన్నది. ఈ వాక్యంలో రెండు వైపులా పదును ఉన్నది. కుంగుతున్న గోడను పూతతో కప్పి అమ్మినవాడు నేరుగా దీని పరిధిలోకి వస్తాడు. కంటి ఎదుట తెరిచి ఉన్న బీటను చూచి కూడా అడగనివానికి ఇది రక్ష ఇవ్వదు, ఏలననగా సాధారణమైన జాగ్రత్తతో అది కనబడేదే. పైగా ఈ బాధ్యత వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించేది. కనుక ఒప్పందపత్రంలో ఉన్నది ఉన్నట్లుగా కొంటున్నానన్న మాట కనబడితే దాని భావం వకీలును అడిగి తెలుసుకోవలెను. 2016 నాటి స్థిరాస్తి చట్టం కొత్త ఇండ్లలో నిర్మాణలోపాలకు స్వాధీనం చేసిన నాటినుండి ఐదేండ్ల వరకు నిర్మాతను బాధ్యుణ్ణి చేసినది. నలభై ఏండ్ల పాత ఇంటిని ఒక గృహస్థునినుండి కొనేవానికి ఆ చట్టం అక్కరకు రాదు.

అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు కాగితం మీద ఉండడం ఇరువురికీ మేలు. ఈ బీట ఏ సంవత్సరం వచ్చినది, ఎన్నిసార్లు పూడ్చారు, ఇంటిపై అంతస్తు ఎప్పుడు లేపారు, నీటిగొట్టం ఎప్పుడైనా పగిలినదా, పక్క స్థలంలో లోతుగా తవ్వారా అని అడగడంలో అమర్యాద లేదు. నిజాయితీ గల అమ్మకందారు ఇట్టి ప్రశ్నలకు నొచ్చుకోడు.

చికిత్సకు ముందు కారణం

బీట ఉన్న ఇంటిని కొనరాదన్న నియమం లేదు. కారణం తెలిసి, చికిత్సకు లొంగేదై, ఆ ఖర్చు వెలలో తగ్గినప్పుడు కొనవచ్చు. చాలా ఇండ్లలో అపరాధి నీరే. వంటింటి కాలువ పగిలి, సెప్టిక్ ట్యాంకు కారి, డాబా మీది వాన గొట్టం పునాది మొదట్లోనే కురిసి ఒక మూలను నానబెడుతుంది. ఆ నీటిని దారి మళ్ళించి, ఇంటి చుట్టూ వాలుగా గచ్చు వేస్తే చాలాసార్లు కదలిక తానే ఆగిపోతుంది. గోడ సందులో మొలిచిన రావిమొక్కను వేరుతో సహా తీయవలెను. పెద్ద చెట్టు విషయంలో తొందర కూడదు. బంకనేలలో ఏండ్ల తరబడి నీరు తాగిన చెట్టును ఒక్కసారిగా కొట్టివేస్తే, ఆ నీరు నేలలో నిలిచి నేల ఉబ్బి, ఇల్లు వేరొక విధంగా చీలవచ్చు.

గానుగ సున్నంతో కట్టిన పాత గోడలకు ఒక సుగుణం ఉన్నది. తెలంగాణలో దీనిని డంగు సున్నం అంటారు. సున్నం కొంత మెత్తన, కొద్దిపాటి కదలికను ఓర్చుకొంటుంది. సన్నని బీటలోనికి తేమతో పాటు దిగిన సున్నం మళ్ళీ గట్టిపడి దానిని తానే మాన్పుకొంటుంది. అట్టి గోడలో కఠినమైన సిమెంటు కూరితే బీట పక్కన మరొక బీట పుడుతుంది. సున్నపు గోడకు సున్నమే మందు.

పునాదియే చాలనప్పుడు దాని కింద కొత్త పునాది వేయవలసి వస్తుంది. గోడ పొడుగునా ఒకేసారి తవ్వరాదు. మూడు నాలుగు అడుగుల మేర ఒక గుంట తవ్వి, కాంక్రీటు నింపి, అది గట్టిపడిన తరువాత కొంత దూరంలో మరొకటి తవ్వుతూ, ఎడమెడంగా సాగాలి. ఇది ఇంజనీరు కంటి ఎదుట జరగవలసిన పని. మంచి మేస్త్రి చేయి ఇందుకు అవసరమేగాని, అతని ధైర్యం ఒక్కటే చాలదు. బరువు మోసే గోడను హాలు వెడల్పు కోసం తొలగించడం, ఒంటి అంతస్తుకు తగిన పునాది మీద రెండవ అంతస్తు లేపడం వంటి పనులు ఆగిన కదలికను మళ్ళీ మేల్కొలుపుతాయి. పాత ఇంటిని కొన్నవాడు కొన్న తరువాత చేసే తప్పులలో ఇవి ముఖ్యమైనవి.

ఈ విద్యకు పాఠశాల మంచి ప్రయోగశాల. దాదాపు ప్రతి పాత పాఠశాలలోను ఒక గోడకు బీట ఉంటుంది. బడి తెరిచిన జూన్‌లో దాని కొస వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయించి, వెడల్పు కొలిపించి, ఏప్రిల్ వరకు నెలకొకసారి పిల్లలచేత పట్టికలో నమోదు చేయించవచ్చు. రేగడి నేలలో ఆ పట్టిక ఋతువుతో పాటు హెచ్చి తగ్గుతుంది. గట్టి నేలలో అది కదలకుండా ఉండవచ్చు. నెలనెలా ఒకే వైపు పెరుగుతున్నదని తేలితే ప్రధానోపాధ్యాయుడు ఆ పట్టికతోనే అధికారులకు రాయవచ్చు, గది మార్చమని అడగవచ్చు. అట్టి విన్నపాన్ని తోసిపుచ్చడం తేలిక కాదు. ఆ పట్టిక రాసిన పిల్లవాడు ముప్ఫై ఏండ్ల తరువాత తన పొదుపునంతా పెట్టి ఒక పాత ఇంటిని కొనవలసి వచ్చినప్పుడు, దస్తావేజుతో పాటు గోడను కూడా చదువుతాడు.